గురి తప్పిన తూటా ఎక్కడికి పోతుంది?

మలుపుల వారీగా, అంటే ఒకరి వంతు తరువాత ఇంకొకరి వంతుగా, సాగే యుద్ధపు ఆటలు ఆడేవాళ్లందరి దగ్గరా ఒకే కథ ఉంటుంది. శత్రువు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటాడు. తూటా తగిలే అవకాశం 95 శాతం అని తెర మీద కనిపిస్తుంది. బటన్ నొక్కుతాం. తూటా తప్పుతుంది. తరువాతి మలుపులో ఆ శత్రువే మన సైనికుడిని చంపుతాడు.

నాకు ఆ కథ ఒక అర్ధరాత్రి జరిగింది. పోయిన సైనికురాలు పదకొండు యుద్ధాలు దాటి వచ్చింది. ఆమెకు పేరు నేనే పెట్టాను, కవచం రంగు నేనే ఎంచాను. కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడ్డాను. తెల్లవారాక కూడా ఆ మంట చల్లారలేదు. కాగితం తీసుకుని లెక్క వేశాను. 95 శాతం గురితో పద్నాలుగు సార్లు కాలిస్తే, వాటిలో కనీసం ఒకటి తప్పే అవకాశం 51 శాతం. ఇరవై సార్లు కాలిస్తే 64 శాతం. ఒక యుద్ధం ముగిసేసరికి నా దళం పద్నాలుగు తూటాల కన్నా ఎక్కువే కాలుస్తుంది. అంటే ఇంచుమించు ప్రతి రెండో యుద్ధంలోనూ జరగవలసిన సంగతే నాకు జరిగింది.

లెక్క సరైనదే. అయినా ఏదో అన్యాయం జరిగిందన్న నా భావన కూడా సరైనదేనని ఇన్నేళ్ల తరువాత నమ్ముతున్నాను. ఆ అన్యాయం 95 అన్న సంఖ్యలో లేదు. తూటా తప్పిన తరువాత అక్కడ ఏమీ జరగకపోవడంలో ఉంది. శత్రువుకు గీత పడలేదు, చేతిలోని ఆయుధం కదలలేదు, వాడు ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు. నేను ఆలోచించి తీసుకున్న నిర్ణయం ఆటలో ఏ జాడా మిగల్చకుండా ఆవిరైపోయింది. తగలడం, తప్పడం అనే రెండు గదులే కట్టి, రెండో గదిని ఖాళీగా వదిలేసిన ఆటలన్నిటిలోనూ ఈ బాధ ఉంటుంది. దీనికి మందు శరీర భాగాలను గురిపెట్టే పద్ధతిలో ఉందని నా వాదన. ఆ మందును చాలా ఆటలు తప్పుగా వాడుతున్నాయి కూడా. ఆ రెండు సంగతులూ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా, ఈ బాధను డిజైనర్లు ఇంతకాలం ఎలా కప్పిపెడుతూ వచ్చారో చూడాలి. వాళ్లకు ఇది తెలియనిది కాదు. సివిలైజేషన్ ఆటల రూపకర్త సిడ్ మయర్ 2010లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో చేసిన ప్రసంగంలో ఈ సంగతే చెప్పారు. తమ బలం శత్రువు బలానికి మూడింతలు ఉన్నప్పుడు ఓడిపోతే ఆటగాళ్లు తట్టుకోలేరు. అదే మూడింతలు బలమైన శత్రువును తాము ఓడించినప్పుడు మాత్రం అది న్యాయంగానే తోస్తుంది. రెండుకు ఒకటి నిష్పత్తిలో అప్పుడప్పుడు ఓడితే సర్దుకుంటారు. ఇరవైకి పది అని చూపిస్తే, నిష్పత్తి అదే అయినా, ఓటమిని ఒప్పుకోరు. మన మనసు సంభావ్యతను చదివే తీరు అది.

దానికి తగ్గట్టు సంఖ్యనే వంచిన ఆట ఫైర్ ఎంబ్లమ్. ఆ వరుసలో మొదట్లో పద్ధతి సూటిగా ఉండేది. కంప్యూటర్ 0 నుంచి 99 లోపు ఒక సంఖ్యను తీస్తుంది. అది తెర మీది శాతం కన్నా తక్కువైతే దెబ్బ తగిలినట్టు. 2002లో గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే చేతిలో పట్టుకుని ఆడే యంత్రం మీద వచ్చిన ఆటతో ఇది మారింది. ఒకటికి బదులు రెండు సంఖ్యలు తీసి, వాటి సగటును శాతంతో పోల్చడం మొదలైంది. చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ ఫలితం చూడండి. తెర మీద 90 అని ఉంటే నిజంగా తగిలే అవకాశం 98.1 శాతం. 80 అంటే 92.2. 70 అంటే 82.3. సగం దగ్గర పెద్ద తేడా లేదు, 50 అంటే 50.5. కిందికి దిగితే వంపు తిరగబడుతుంది: 30 అంటే 18.3 మాత్రమే, 10 అంటే 2.1. రెండు పాచికలు కలిపి వేస్తే ఏడు ఎక్కువసార్లు, రెండూ పన్నెండూ అరుదుగా పడినట్టే, రెండు సంఖ్యల సగటు కూడా నడిమికే చేరుతుంది. మన వీరుల గురి మామూలుగా 80, 90ల్లో ఉంటుంది. శత్రువులది 30, 40ల్లో ఉంటుంది. కాబట్టి ఈ వంపు రెండు వైపులా మనకే లాభం. తెర మాత్రం ఆ మాట చెప్పదు.

పాత ఆటకు కొత్త రూపంగా 2012లో వచ్చిన ఎక్స్‌కామ్, 2016లో వచ్చిన దాని రెండో భాగం మరో దారి పట్టాయి. సులువు స్థాయిల్లో వరుసగా తూటాలు తప్పుతుంటే, కనిపించకుండా తరువాతి గురికి సాయం చేరుతుంది. తెర మీది సంఖ్య మారదు. కష్టం పెంచేకొద్దీ ఆ సాయం తగ్గి, రెండో భాగంలోని లెజెండ్ స్థాయికి వచ్చేసరికి పూర్తిగా పోతుంది. అంటే ఒకే ఆటలో ఒకే 80 శాతానికి రెండు అర్థాలు. కింది స్థాయిలో నలభై గంటలు ఆడి, ఆ 80ని నమ్మడం నేర్చుకుని పైకి వెళ్లినవాడికి ఆట ఒక్కసారిగా పగబట్టినట్టు అనిపిస్తుంది. నిజానికి అప్పుడే అది మొదటిసారి నిజం చెబుతోంది.

ఈ సర్దుబాట్లు చేసినవాళ్ల మీద నాకు కోపం లేదు. ఆడేవాడికి సంతోషం కలగాలన్న తపనతోనే చేశారు. ఫైర్ ఎంబ్లమ్ పద్ధతి మీదైతే కొంత ఇష్టం కూడా ఉంది, ఎందుకంటే అది ఆట మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా నడుస్తుంది, ఆడుతూ ఆడుతూ దాన్ని పట్టుకోవచ్చు. కానీ శకుని పాచికలు మన పక్షాన పడుతున్నంతసేపూ అవి శకుని పాచికలని మనకు గుర్తురాదు. సంభావ్యత అంటే ఏమిటో చాలామందికి బడి కన్నా ముందు, బడి కన్నా గట్టిగా, ఆటలే నేర్పుతాయి. నాకు ఆటలే నేర్పాయి. నేర్పే చోట 90ని 98గా నేర్పితే ఆ తప్పు ఆట దగ్గరే ఆగదు.

పొరపాటున ఇందుకు తలకిందులుగా జరిగిన సంగతి ఒకటుంది. 1996లో వచ్చిన తొలి పోకెమాన్ ఆటల్లో నూటికి నూరు శాతం గురి ఉన్న దాడులు కూడా 256 సార్లకు ఒకసారి తప్పేవి. గురిని 255 దాకా ఉండే సంఖ్యగా దాచి, తీసిన సంఖ్య దానికన్నా తక్కువగా ఉందా అని పోల్చారు. తీసినదీ 255 అయితే, అది 255 కన్నా తక్కువ కాదు. అంతే, దెబ్బ తప్పింది. ఆడుతున్న పిల్లలకు కారణం తెలిసే దారే లేదు. సంఖ్యను మన వైపు వంచినా మనకు ఎదురుగా వంచినా, మాట తప్పడం మాట తప్పడమే.

ఇంతకీ సంఖ్యను వంచవలసిన అవసరం ఎందుకు వచ్చింది? తప్పిన దెబ్బ మరీ శూన్యంగా ఉంది కాబట్టి. దాని మూలం కంప్యూటర్ ఆటల్లో లేదు, బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే ఆటల్లో ఉంది. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో దాడి అంటే ఇరవై ముఖాల పాచికను వేసి, శత్రువు కవచపు సంఖ్యతో పోల్చడం. తగిలితే వాడి ప్రాణబలంలోంచి కొన్ని అంకెలు పోతాయి, లేకపోతే ఏమీ లేదు. దాని కర్తల్లో ఒకరైన డేవ్ ఆర్నెసన్ కవచాన్నీ ప్రాణబలాన్నీ ఇలా లెక్కించే ఊహను ఓడల యుద్ధపు ఆటల నుంచి తెచ్చుకున్నారు. ఓడకు ఆ లెక్క బాగా సరిపోతుంది. ఇన్ని గుండ్లు తగిలితే మునుగుతుంది. మనిషి ఓడ కాదు. చెయ్యి విరిగినవాడు చావడు కానీ కత్తి దుయ్యలేడు. కాలికి దెబ్బ తగిలినవాడు కత్తి దుయ్యగలడు కానీ మన వెంట పరుగెత్తలేడు. ఆ లోటు ఆర్నెసన్‌కే కనిపించినట్టుంది. మరుసటి ఏడాది, 1975లో, ఆయన పేరుతో వచ్చిన బ్లాక్‌మూర్ అనుబంధంలో దెబ్బ ఏ భాగానికి తగిలిందో తేల్చే నియమాలు ఉన్నాయి. 1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్ దాన్ని ఆట గుండెల్లోకే తెచ్చింది. ప్రతి అవయవానికీ దాని కవచం దానిది, దాని ప్రాణబలం దానిది.

ఈ కోవలో నాకు అన్నిటికన్నా అందంగా తోచేది 1984లో మొదలైన బ్యాటిల్‌టెక్ పట్టిక. అందులో మనుషులు నడిపే భారీ యంత్రాలు పోరాడతాయి. దెబ్బ తగిలిందని తేలాక, ఎక్కడ తగిలిందో చూడడానికి మళ్లీ రెండు పాచికలు వేస్తారు. ఏడు పడితే ఛాతీ నడుమ. ఆరు, ఎనిమిది పడితే ఛాతీకి అటూ ఇటూ. ఐదు, తొమ్మిది కాళ్లు. మూడు, నాలుగు ఒక చెయ్యి. పది, పదకొండు రెండో చెయ్యి. పన్నెండు పడితే తల. రెండు పడితే మళ్లీ ఛాతీ నడుమే, కానీ కవచాన్ని దాటి లోపలి భాగాలు దెబ్బతినే ప్రమాదంతో. రెండు పాచికలు పడే తీరు ముప్పై ఆరు. వాటిలో ఏడు ఆరుసార్లు వస్తుంది, పన్నెండు ఒక్కసారే. పాచికల వంపే ఆ యంత్రం ఆకారమైంది: నడుమ వెడల్పు, అంచుల్లో చేతులు, చివరికి చిన్న తల. ఫైర్ ఎంబ్లమ్ నిజాన్ని దాచడానికి వాడిన వంపు ఇదే. ఇక్కడ అది నిజాన్ని చూపించడానికి పనికొచ్చింది.

బ్యాటిల్‌టెక్‌లో మామూలుగా ఎక్కడ తగలాలో మనం ఎంచుకోం, పాచికే ఎంచుతుంది. అయినా ప్రతి దెబ్బా ఒక కథ మిగులుస్తుంది. ఎడమ చేతిలోని ఫిరంగి పోయింది కాబట్టి ఇప్పుడు కుడి వైపు తిరిగి పోరాడాలి. కుడి కాలు దెబ్బతింది కాబట్టి కొండ వెనక్కి చేరాలి. 1994 నాటి మొదటి ఎక్స్‌కామ్‌లోనూ ఈ గుణం ఉంది. జూలియన్ గొల్లప్ రూపొందించిన ఆ ఆటలో తూటా ఒక నిజమైన దారిలో ఎగురుతుంది. గురి తప్పిందని లెక్క తేలితే దాని దారి పక్కకు వంగుతుంది తప్ప మాయం కాదు. వెనక గోడకు తగిలి గోడ కూలవచ్చు, ఇంకో శత్రువుకు తగలవచ్చు, మన మనిషికే తగలవచ్చు. దారి కొంచెమే వంగితే అనుకున్న శత్రువుకే తగిలినా తగలవచ్చు. మన సైనికుల గాయాలు భాగాల వారీగా నమోదవుతాయి. మందుల పెట్టె తెరిస్తే శరీరం బొమ్మ వస్తుంది, రక్తం కారుతున్న భాగాన్ని ఎంచి కట్టు కట్టాలి. ఆ ఆటలో నా తూటాలు ఇరవై ఏళ్ల తరువాతి ఆటల్లో కన్నా ఎక్కువసార్లు తప్పాయి, నేను మాత్రం చాలా తక్కువసార్లు విసుక్కున్నాను. తప్పిన తూటా ఎక్కడికి పోయిందో నా కళ్లకు కనిపించేది.

ఇక మనమే భాగాన్ని ఎంచుకునే ఆటల సంగతి. 1997లో వచ్చిన ఫాల్అవుట్ దీనికి పెద్దదిక్కు. ఒక్కో వంతులో చేసే పనులకు ఖర్చయ్యే చర్యాంకాల్లో ఒకటి అదనంగా పెడితే శత్రువు శరీరం తెర మీదికి వస్తుంది, ఒక్కో భాగం పక్కన ఒక్కో శాతంతో. మొండేనికి కోత లేదు. కాళ్లకు 20 కోత, చేతులకూ గజ్జలకూ 30, తలకు 40, కళ్లకు 60. మొత్తం గురి ఎంత పెరిగినా 95 దాటదు. నా గురి సరిగ్గా 100 దగ్గర ఉంటే మొండేనికి 95, కాళ్లకు 80, చేతులకు 70, తలకు 60, కళ్లకు 40. ఇందులో ఒక చక్కటి మలుపు దాగి ఉంది: గురిలో ఎంత కోత పడిందో, క్రిటికల్ దెబ్బ, అంటే మామూలు కన్నా తీవ్రమైన దెబ్బ, పడే అవకాశం అంత పెరుగుతుంది. కళ్లకు గురిపెట్టి 60 కోల్పోతే, తగిలినప్పుడు క్రిటికల్ అవకాశానికి ఆ 60 వచ్చి చేరుతుంది. క్రిటికల్ పడితే భాగాన్ని బట్టి ఫలితం: కాలైతే కుంటుతాడు, చెయ్యైతే రెండు చేతుల ఆయుధం పట్టలేడు, కళ్లైతే గుడ్డివాడై గురి కోల్పోతాడు.

ఆట మొదటి గంటల్లో ఈ పట్టిక ముందు నేను నిమిషాల తరబడి కూర్చునేవాడిని. చేతిలో నాలుగు తూటాలు, ఎదురుగా సమ్మెటతో పరుగెత్తుకొస్తున్న మనిషి. కాలిని కొట్టి దూరంగా జరగనా, చేతిని కొట్టి సమ్మెట పడగొట్టనా, మొండేన్ని కొట్టి తగిలిందే చాలనుకోనా? ఒక్కో శాతం ఒక్కో బేరం. అక్కడ తప్పిన తూటా కూడా నాదే, ఎందుకంటే 95ని వదిలి 70ని కోరుకున్నది నేనే. ఈ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. 95 తప్పితే ఆట నన్ను మోసం చేసినట్టు అనిపిస్తుంది. చేతికి గురిపెట్టిన 70 తప్పితే నేను పందెం వేసి ఓడినట్టు అనిపిస్తుంది. మొదటి ఓటమి మనిషిని ఆట నుంచి దూరం చేస్తుంది, రెండోది మరో తూటా ఎక్కించుకునేలా చేస్తుంది.

అయితే ఆట సగానికి వచ్చేసరికి నా నైపుణ్యం పెరిగి, కోతకు ముందు గురి 155 దాటింది. అందులోంచి 60 తీసేసినా కళ్లకు 95 మిగిలింది. మొండేనికీ 95, కళ్లకూ 95. పైకప్పు ఒకటే కావడంతో తేడా చెరిగిపోయింది. ఆ రోజు నుంచి ఆట ముగిసే దాకా కళ్లకు తప్ప మరో చోటుకు గురిపెట్టలేదు. అంత గొప్ప పట్టికలో ఒక్క వరుసే మిగిలింది. ఇంత బాగా ఆలోచించిన పద్ధతి కూడా చివరికి ఒకే జవాబున్న ప్రశ్నగా కుదించుకుపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

శరీర భాగాల పద్ధతికి పట్టిన అసలు రోగం ఇదే: భాగాలు ఎంపికగా ఉండవలసింది నిచ్చెనగా మారడం. కింది మెట్టు కాలు, పై మెట్టు తల. నైపుణ్యం ఉంటే పైకి ఎక్కుతావు, లేకపోతే కింద ఉంటావు. మన చేత్తోనే గురిచూసి కాల్చే షూటర్ ఆటల్లో ఈ నిచ్చెన స్పష్టంగా కనిపిస్తుంది. కౌంటర్ స్ట్రైక్‌లో ఛాతీకి తగిలిన తూటా నష్టాన్ని ఒకటిగా తీసుకుంటే తలకు నాలుగింతలు, పొట్టకు ఒకటింపావు, కాళ్లకు ముప్పావు. ఏకే-47 తూటా దగ్గర నుంచి తలకు ఒక్కటి తగిలితే హెల్మెట్ ఉన్నా ప్రాణం పోతుంది. ఎం4 అనే మరో తుపాకి తూటా ఒక్కటి హెల్మెట్ ముందు చాలదు. నిజాయతీగా చెప్పాలంటే ఆ ఆటలో నిచ్చెన మీద నాకు ఫిర్యాదు లేదు. అక్కడ పాచిక మన చేతి మణికట్టులో ఉంది. తల చిన్నది, కదులుతుంది, దాన్ని అందుకోవడమే ఆట. తల హిట్‌బాక్స్, అంటే తూటా తగిలినట్టు ఆట లెక్కించే చోటు, ఎంత చిన్నదో అదే దాని శాతం. ఏ సంఖ్యా చూపించనక్కరలేదు. నా ఫిర్యాదంతా చేతి నైపుణ్యం కన్నా ఆలోచన ముఖ్యమైన ఆటలు తలకే కొట్టాలనే ఈ హెడ్‌షాట్ నిచ్చెనను అరువు తెచ్చుకోవడం మీదే. ఆలోచించడానికి ఐదు నిమిషాలు ఇచ్చి, జవాబు ఎప్పుడూ తలే అని ముందే రాసి పెడితే ఆ ఐదు నిమిషాలు దేనికి?

తలను గద్దె దించిన ఆటలు లేకపోలేదు. 2005 నాటి రెసిడెంట్ ఈవిల్ 4 షూటర్ ఆటే కానీ, ఆలోచనలో చాలా మలుపుల ఆటల కన్నా ముందుంది. మీదికి వచ్చేవాడి మోకాలికి కాలిస్తే తూలుతాడు. అప్పుడు పరుగెత్తి వెళ్లి తన్నితే వాడితో పాటు చుట్టూ ఉన్నవాళ్లూ పడతారు, తూటాలు మిగులుతాయి. చేతికి కాలిస్తే ఆయుధం జారిపోతుంది. తలకు కాలిస్తే? మొదట్లో హాయిగా ఉంటుంది. కొంత దూరం వెళ్లాక, తల పగిలిన చోటి నుంచి పరాన్నజీవి ఒకటి బయటికి వచ్చి మొదటివాడి కన్నా ప్రమాదకరంగా తయారవుతుంది. ఆ క్షణం నుంచి తల ఒక జూదం. 2008లో డెడ్ స్పేస్ ఇంకో అడుగు వేసి, తల తెగినా ఆగని శత్రువులను మన ముందు పెట్టింది. వాటి చేతులూ కాళ్లూ నరికితేనే ఆగుతాయి. అన్నేళ్ల హెడ్‌షాట్ అలవాటును చేతులు మరిచిపోవడానికి నాకు ఒక రాత్రంతా పట్టింది.

అదే ఏడాది వచ్చిన ఫాల్అవుట్ 3 తన పూర్వీకుల పట్టికను కొత్తగా చూపించింది. వ్యాట్స్ అనే ఏర్పాటులో కాలం ఆగుతుంది, శత్రువు శరీరం మీద శాతాలు వెలుగుతాయి. మనుషుల విషయంలో ఇక్కడా తలదే రాజ్యం. కానీ పెద్ద చీమల మీసాలను కొడితే అవి మతి చెడి తమ తోటి చీమల మీదే పడతాయి. మీదికి దూకే డెత్‌క్లా అనే భయంకర మృగం కాలు విరగ్గొడితే ఆ దూకుడు ఆగుతుంది. దాని తలకు గురిపెట్టి ధైర్యంగా నిలబడ్డ ప్రతిసారీ నేను చచ్చాను. ఒక్కో జీవికీ భయపడవలసిన అంగం ఒక్కటి ఉండి, అదే మనం కొట్టవలసిన అంగం కావడం ఎంత బాగుంటుందో చూడండి. దుర్యోధనుడి తొడలు మనకు ఇప్పటికీ గుర్తున్నాయి. గదాయుద్ధంలో భీముడు ఎన్ని దెబ్బలు కొట్టాడో ఎవరికీ గుర్తులేదు. దెబ్బ ఎక్కడ పడిందన్నదే కథ.

ఒక్క మాట పక్కకు వెళ్లి చెప్పాలి. ఇదంతా శత్రువు శరీరం గురించే అనుకోకూడదు. 2000లో వచ్చిన డ్యూస్ ఎక్స్‌లో నా శరీరమే భాగాలుగా ఉంటుంది. చేతులకు గాయమైతే గురి చెదురుతుంది, రెండు కాళ్లూ పోతే నేల మీద పాకాలి. ఒకసారి ఒకే ఒక్క మందుల పెట్టెతో, కాళ్లకు వాడాలా చేతులకు వాడాలా అని తేల్చుకోలేక ఒక గది మూలన చాలాసేపు పడి ఉన్నాను. ప్రాణబలం ఒకే ఒక్క ఎర్ర గీతగా ఉన్న ఏ ఆటలోనూ అలాంటి ప్రశ్న నాకు ఎదురుకాలేదు.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి, వాటిలో బలమైనవీ ఉన్నాయి. సంఖ్యలే చూపించవద్దు అనేవాళ్లున్నారు. 1999 నాటి జాగ్డ్ అలయన్స్ 2 అలాగే చేసింది. తలో, మొండెమో, కాళ్లో ఎంచుకుంటాం, ఎంతసేపు గురిచూడాలో ఎంచుకుంటాం, శాతం మాత్రం కనిపించదు. మనిషిని తెలుసుకుని, తుపాకిని తెలుసుకుని, దూరాన్ని కళ్లతో కొలుచుకుని కాల్చాలి. ఆ ఆట నాకు ప్రాణం. చూపించని సంఖ్య అబద్ధం ఆడలేదు కదా. కానీ నేర్చుకోవడానికి అక్కడ నాకు పట్టిన కాలం అందరూ పెట్టగలరని అనుకోను. ఇక 2018లో వచ్చిన ఇన్‌టు ద బ్రీచ్ అసలు తప్పే అవకాశాన్నే తీసేసింది. వేసిన ప్రతి దెబ్బా తగులుతుంది, శత్రువు ఏం చేయబోతున్నాడో ముందే కనిపిస్తుంది. అది గొప్ప ఆట. అయితే అది చదరంగానికి దగ్గర, యుద్ధానికి దూరం. చేతులు వణకడం, పొగలో చూపు ఆనకపోవడం నాకు ఆటలో కావాలి. అదృష్టం ఉండాలి, ఊరికే పోకూడదు.

మరో అభ్యంతరం: ప్రతి తూటాకూ శరీరం బొమ్మ తెరిచి భాగం ఎంచుకోవడం విసుగు. నిజమే. దానికి జవాబు బొమ్మను తీసేయడం కాదు, కంటికి కనిపించే దాన్నే గురిగా చేయడం. కంటికి ఒకటి చూపించి వెనకాల మరొకటి లెక్కపెడితే ఏమవుతుందో 2002 నాటి మొర్రోవిండ్ చూపించింది. మన కళ్లతోనే చూస్తూ కత్తి దూస్తాం, కత్తి పీత శరీరంలోంచి దూసుకుపోవడం కనిపిస్తుంది, పాచిక మాత్రం తప్పింది అంటుంది. అలసిపోయి ఉంటే ఇంకా ఎక్కువసార్లు తప్పుతుంది. 2006లో వచ్చిన తరువాతి ఆటలో ఆ పాచికను తీసేశారు. పాచికను తీసేయడం ఒక దారి. పాచికను కంటి ముందుకు తేవడం ఇంకో దారి. ఆ రెండో దారిని వేసింది మళ్లీ జూలియన్ గొల్లపే, మొదటి ఎక్స్‌కామ్ వచ్చిన పాతికేళ్లకు, 2019లో, ఫీనిక్స్ పాయింట్ అనే ఆటలో.

అందులో గురిచూస్తే తుపాకి వెనక నుంచి చూపు వస్తుంది, శత్రువు మీద రెండు వలయాలు కనిపిస్తాయి. తూటాలన్నీ పెద్ద వలయంలో పడతాయి. సగం తూటాలు చిన్న వలయంలో పడతాయి. ఇంతే వాగ్దానం. దగ్గరికి వెళితే అవే వలయాలు శత్రువు శరీరంలో చిన్న భాగాన్నే కప్పుతాయి, దూరమైతే శరీరాన్ని దాటిపోతాయి. వాటిని ఎక్కడ పెట్టాలన్నది మన ఇష్టం. శాతాన్ని ఎవరూ రహస్యంగా సవరించే వీలు లేదు, ఎందుకంటే శాతం కళ్ల ముందున్న వైశాల్యమే. ఒక్కో భాగానికీ దాని ప్రాణబలం, దాని కవచం ఉంటాయి. చెయ్యి పనికిరాకుండా పోతే ఆ చేతి ఆయుధం పనికిరాదు. ఆ ఆటలో ఇతర లోపాలు చాలానే ఉన్నాయి, వాటి గురించి గంటలు మాట్లాడగలను. కానీ ఈ ఒక్క ఏర్పాటును ప్రతి యుద్ధపు ఆటా అందిపుచ్చుకోవాలని నా గట్టి కోరిక.

మొన్న రాత్రి ఆ ఆటలోనే ఒక రేవు దగ్గర, పీత రూపంలో ఉన్న శత్రువు ఒకటి నా సైనికురాలి ఎదుటికి వచ్చింది. ఎడమ వైపు డాలు, కుడి చేతిలో తుపాకి. ఆమె దగ్గర ఒక్క దాడికి సరిపడా ఓపికే మిగిలింది, ఆరు తూటాల వరుస. ఛాతీకి గురిపెడితే వలయం నిండుగా సరిపోతుంది, కానీ కవచం మందం; చంపలేను. వలయాన్ని కుడి చేతి మీదికి జరిపాను. సగం వలయం గాల్లో ఉంది. బటన్ నొక్కాను. రెండు తూటాలు చేతికి తగిలాయి. ఒకటి డాలు మీద పడి జారిపోయింది. ఒకటి ఛాతీ కవచాన్ని గీరింది. మిగిలిన రెండూ వెనక ఉన్న పీపాలలో దిగాయి. అది చావలేదు. తరువాతి మలుపులో ఆమె వైపు నాలుగు అడుగులు వేసి ఆగింది, కుడి చెయ్యి వేలాడుతూ.